ఆఖరి సంతకాల వేళ కన్నతల్లి ఎక్కడ?

విదేశీ దంపతులు బిడ్డను దత్తత తీసుకోవడానికి మన దేశం వచ్చి ఇక్కడ గడిపే ఆఖరి రోజుల గురించి ఇంగ్లీషులో బోలెడు సాహిత్యం వుంది. ఏళ్ల తరబడి ఎదురుచూపు, ఫోటోలో మాత్రమే చూసిన పాపను మొదటిసారి ఎత్తుకోవడం, భాష తెలియని బిడ్డకు అన్నం తినిపించడానికి పడే తంటాలు, హోటలు గదిలో నిద్రలేని రాత్రులు, పాస్‌పోర్టు ఆఫీసు, వీసా ఆఫీసుల చుట్టూ తిరగడం, చివరికి విమానం ఎక్కడం. చదివితే మనసు కరుగుతుంది. కరగడంలో తప్పేమీ లేదు. పిల్లలు పుట్టని స్త్రీని లోకం ఎన్ని మాటలంటుందో మనకు తెలుసు. ఆ మాటలన్నీ పడి, శరీరాన్ని వైద్యానికి అప్పగించి అలసిపోయి, ఆఖరికి ఒక బిడ్డను గుండెకు హత్తుకున్న స్త్రీ సంతోషాన్ని మనం తక్కువ చేయనక్కర్లేదు.

అయితే ఆ పుస్తకాల్లో, ఆ ఫోటోల్లో ఎంత వెతికినా కనిపించని మనిషి ఒకరున్నారు. ఆ బిడ్డను కన్న స్త్రీ. ఆమె గురించి సాధారణంగా ఒక్క వాక్యం వుంటుంది, 'పేదరికం వల్ల పెంచలేక వదులుకుంది' అని. ఆ వాక్యం ఎవరు రాశారు, ఆమెను అడిగే రాశారా అన్నదే ఈ సంపాదకీయంలో మేము చర్చించదలచుకున్న విషయం.

ముందుగా, ఆ ఆఖరి రోజుల్లో ఏం జరుగుతుందో చూద్దాం. కేంద్ర దత్తత సంస్థ 'కారా' నిరభ్యంతర పత్రం ఇచ్చాక దత్తత ఉత్తర్వు రావాలి. ఒకప్పుడు ఇది కోర్టు పని. 2021లో బాల న్యాయ చట్టాన్ని సవరించడంతో 2022 సెప్టెంబరు నుంచి కలెక్టరు పని అయింది. ఉత్తర్వు వచ్చాక కొత్త తల్లిదండ్రుల పేర్లతో జనన ధృవపత్రం, పాస్‌పోర్టు, అంతా హేగ్ అంతర్జాతీయ ఒప్పందం ప్రకారమే జరిగిందని కారా ఇచ్చే మరో పత్రం, వీసా. ఆ ఫైలు తెరిస్తే దత్తత తీసుకునేవాళ్ల ఆదాయం, ఆరోగ్యం, నేరచరిత్ర లేదని పోలీసులిచ్చిన కాగితం, వాళ్ల ఇల్లూ వాకిలీ చూసివచ్చిన సోషల్ వర్కరు నివేదిక, తెలిసినవాళ్ల సిఫారసు ఉత్తరాలు కట్టలుగా వుంటాయి. బిడ్డ ఎత్తు, బరువు, టీకాలు, రక్తపరీక్షలు వుంటాయి. కన్నతల్లికి సంబంధించి వుండేది ప్రధానంగా ఒకే కాగితం. ఆఫీసుల్లో దాన్ని సరెండర్ డీడ్ అంటారు. కింద ఒక సంతకం, లేదా వేలిముద్ర. బిడ్డను 'దొరికిన బిడ్డ'గా నమోదు చేసివుంటే అదీ వుండదు.

(ఆ ఫోటోల్లో కనిపించని మరో స్త్రీ కూడా వుంది. అనాథాశ్రమంలో నెలల తరబడి ఆ బిడ్డకు స్నానం చేయించి, జ్వరమొస్తే రాత్రంతా భుజాన వేసుకు తిరిగిన ఆయా. బిడ్డ వెళ్లిపోయిన మర్నాడు ఆమె డ్యూటీ మరో ఉయ్యాల దగ్గర. ఆమె జీతం, ఆమె దుఃఖం గురించి వేరే సంచికలో రాయాల్సిన అవసరం వుంది.)

కన్నతల్లి కనిపించకపోవడం యాదృచ్ఛికం కాదు. చట్టమే ఆమెను అలా పక్కన పెట్టింది. విదేశీ దత్తతల పేరుతో జరుగుతున్న అన్యాయాల మీద లక్ష్మీకాంత్ పాండే అనే న్యాయవాది 1982లో రాసిన ఉత్తరాన్నే పిటిషనుగా స్వీకరించి సుప్రీంకోర్టు 1984 ఫిబ్రవరిలో ఒక తీర్పు ఇచ్చింది. రాసినవారు జస్టిస్ పి.ఎన్. భగవతి. 1956 నాటి హిందూ దత్తత చట్టం హిందువులు కాని విదేశీయులకు వర్తించదు కనుక, వాళ్లు 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద సంరక్షకులుగా అనుమతి తీసుకుని బిడ్డను తీసుకుపోయేవారు. అసలు దత్తత వాళ్ల దేశంలో జరిగేది. ఈ పద్ధతికి నియమాలు పెట్టిన ఆ తీర్పు నిజానికి చాలా మంచి తీర్పు. బిడ్డ పుట్టకముందే గానీ, పుట్టిన వెంటనే గానీ తల్లి చేత నిర్ణయం చేయించకూడదని చెప్పింది. ఏ ఒత్తిడీ వుండకూడదని, బిడ్డ పరదేశం పోవచ్చన్న సంగతి కూడా ఆమెకు చెప్పాలని చెప్పింది. ముందు మన దేశంలో దత్తతకు ప్రయత్నించాలని చెప్పింది. 1990లో కారా ఏర్పడటానికి దారి తీసింది ఈ తీర్పే.

కానీ అదే తీర్పు ఇంకో మాట కూడా చెప్పింది. ఆఖరి విచారణ మూసిన తలుపుల వెనుక జరగాలి, పత్రికల్లో ప్రకటన వేయకూడదు, కన్న తల్లిదండ్రులకు నోటీసు ఇవ్వనక్కర్లేదు. బిడ్డ ఎవరింటికి పోతోందో వాళ్లకు తెలియకూడదని దీని ఉద్దేశం. పెళ్లికాని తల్లుల రహస్యం కాపాడాలన్న మంచి కారణమూ ఇందులో కలిసి వుంది. ఫలితం మాత్రం ఏమైంది? తల్లి ఒప్పుకుందా లేదా అన్నది ఆమె నోట వినే అవకాశం న్యాయస్థానానికి లేకుండా పోయింది. ఏజెన్సీ తెచ్చిన కాగితమే ఆమె గొంతు అయింది.

ఆ కాగితం ఎంత నమ్మదగిందో మన రాష్ట్రంలోనే తేలింది. 1999లో హైదరాబాదులో శిశువుల కొనుగోలు, అమ్మకాల కేసులు బయటపడ్డాయి. అనాథాశ్రమాలు నడిపేవారు అరెస్టయ్యారు. 2001లో మళ్ళీ అదే కథ. పిల్లల్లో చాలామంది నల్లగొండ జిల్లా దేవరకొండ, చందంపేట ప్రాంతపు లంబాడా తండాల ఆడపిల్లలు. మధ్యవర్తులు తండాల్లో తిరిగి, గర్భిణులెవరో, ఇప్పటికే ఇద్దరు ముగ్గురు ఆడపిల్లలున్న ఇళ్లు ఏవో ముందే తెలుసుకునేవారు. కుటుంబం చేతిలో పడినవి కొన్ని వందల రూపాయలో, ఒకటి రెండు వేలో. విదేశీ దంపతులు ఏజెన్సీలకు కట్టినవి వేల డాలర్లు. మధ్యలో నోటరీ ముద్రలతో చక్కటి ఫైలు.

ఆనాడు పత్రికలు పెట్టిన శీర్షికలు గుర్తుంటే, వాటిలో నేరస్థురాలు ఎవరు? 'బిడ్డను అమ్ముకున్న తల్లి'. తండ్రి అమ్మాడని రాసినవాళ్లు తక్కువ. మగపిల్లవాడి కోసం ఇంకో కాన్పు కావాలని పట్టుబట్టింది ఎవరు, మధ్యవర్తితో బేరమాడింది ఎవరు, డబ్బు ఎవరి జేబులోకి పోయింది అని అడిగినవాళ్లు ఇంకా తక్కువ. ఒకప్పుడు మగపెళ్లివారే ఓలి ఇచ్చి పిల్లను తీసుకుపోయే లంబాడాల్లోకి వరకట్నం ఎలా వచ్చింది, కరువు నేలలో ఆడపిల్ల ఎప్పుడు భారమైంది అన్నది పెద్ద చరిత్ర. గీతా రామస్వామి, భంగ్యా భూక్యా దక్షిణ తెలంగాణ లంబాడాల మీద చేసిన అధ్యయనం ఈ చరిత్రను తవ్వి తీసింది. ఆడపిల్లలను వదిలించుకోవడం తండాల 'ఆచారం' అని ఏజెన్సీలు ప్రచారం చేశాయి. అసలు సంగతి, బయట గిరాకీ పెరిగాకే తండాల్లోకి మధ్యవర్తి వచ్చాడు. మరోవైపు ప్రభుత్వం ఇద్దరు పిల్లల నియమాన్ని 1994 పంచాయతీరాజ్ చట్టంలోనే పెట్టి, చిన్న కుటుంబమే మంచి కుటుంబమని గోడల మీద రాయించింది. ఇద్దరిలో ఒకడైనా కొడుకు కావాలన్న ఇంట్లో మూడో ఆడపిల్లకు చోటెక్కడ?

ఒప్పుదల అన్న మాటను మనం కాస్త దగ్గరగా చూడాలి. తండా స్త్రీ మాట్లాడేది గోర్ బోలి. కాగితం ఇంగ్లీషులో, దయ తలిస్తే తెలుగులో. కాన్పు అయి వారం తిరక్కుండా, ఇంకా రక్తస్రావం ఆగక, పాలు పొంగుతున్న బాలింతను జీపులో ఎక్కించి పట్నం తీసుకువస్తారు. పక్కన భర్త, అత్త, మధ్యవర్తి. ఆమెకు చెప్పే మాట 'మంచి హాస్టల్లో పెడతారు, పెద్దదయ్యాక చూడొచ్చు' అని. తిరిగి చూసే వీలు ఇక లేదని, తల్లిగా ఆమె పేరు కాగితాల్లో వుండదని చెప్పేవాళ్లు వుండరు. ఆ వేలిముద్రను స్వేచ్ఛగా ఇచ్చిన ఒప్పుదల అనడం చట్టపరంగా చెల్లిందేమో గానీ, స్త్రీల హక్కుల కోసం పనిచేసే మనం అనలేం.

ఈ మోసం ఒక్క కన్నతల్లికే జరగలేదు. అమెరికాలో అలబామాకు చెందిన న్యాయశాస్త్ర ఆచార్యుడు డేవిడ్ స్మోలిన్, ఆయన భార్య 1998లో హైదరాబాదు అనాథాశ్రమం నుంచి ఇద్దరు అక్కచెల్లెళ్లను దత్తత తీసుకున్నారు. ఇల్లు చేరిన కొద్ది కాలానికే పిల్లలు చెప్పిన మాటలను బట్టి వాళ్లకు కన్నతల్లి వుందని, ఆమె వాళ్లను వదులుకోలేదని తెలిసింది. చదువు దొరుకుతుందని ఆశ్రమంలో చేర్చిన పిల్లలు వాళ్లు. తల్లి ఆచూకీ దొరకడానికి ఏళ్లు పట్టింది. ఆ తర్వాత స్మోలిన్ ఈ వ్యవహారాల మీదే పరిశోధన చేసి, దొంగ డబ్బును బ్యాంకుల గుండా తిప్పి తెల్ల డబ్బు చేసినట్టు, దొంగిలించిన పిల్లలను కాగితాల గుండా తిప్పి 'అనాథలు'గా చేస్తున్నారని రాశారు. మాకు ముఖ్యంగా అనిపించేది ఇది: ఆ పిల్లలు మాటలు వచ్చిన పిల్లలు. పాస్‌పోర్టు, కోర్టు, వీసా, ఇన్ని మెట్లలో ఎక్కడైనా ఒక్క అధికారి వాళ్లను వాళ్ల భాషలో కూర్చోబెట్టి 'మీ అమ్మ ఎక్కడ?' అని అడిగివుంటే ఎంత తేడా వచ్చేది!

2001 కుంభకోణం తర్వాత ప్రభుత్వం ఏం చేసింది? పేదరికం వల్ల, పిల్లలు ఎక్కువయ్యారని, ఆడపిల్ల అని బిడ్డను వదులుకోవడాన్ని నిషేధిస్తూ ఉత్తర్వు ఇచ్చింది. అప్పట్లో చాలా స్త్రీల సంఘాలు దీన్ని స్వాగతించాయి. మధ్యవర్తి చేతిలోని కాగితాన్ని లాక్కోవడానికి అది పనికొచ్చింది కూడా. కానీ నిషేధం తండాకు నీళ్లు ఇవ్వలేదు, కట్నం ఆపలేదు, తల్లికి నెలకు నాలుగు డబ్బులు ఇవ్వలేదు. ఆశ్రమాల నుంచి తెచ్చిన పిల్లలతో హైదరాబాదులోని ప్రభుత్వ శిశువిహార్ నిండిపోయింది. అక్కడ పెరిగిన బాల్యాలకు ఎవరు జవాబు చెబుతారు? కనుక దత్తత మొత్తం ఆగిపోవాలని మేము అనడం లేదు. ఎవరూ లేని బిడ్డకు ఇల్లు కావాలి. సంస్థ ఎంత మంచిదైనా ఇల్లు కాదు.

ఈరోజు పరిస్థితి వేరు. మన దేశం హేగ్ ఒప్పందాన్ని 2003లో ఆమోదించింది. 2015 బాల న్యాయ చట్టం ప్రకారం బిడ్డను వదులుకోవాలనుకున్న తల్లిదండ్రులు శిశు సంక్షేమ కమిటీ ముందుకు రావాలి. కమిటీ కౌన్సెలింగ్ ఇప్పించాలి. సంతకం పెట్టాక కూడా మనసు మార్చుకోవడానికి రెండు నెలల గడువు వుంది. పెళ్లయిన జంట అయితే ఇద్దరూ సంతకం పెట్టాలి, పెళ్లికాని తల్లి అయితే ఆమె ఒక్కతే చాలు. పిల్లలను అమ్మినవాళ్లకు అయిదేళ్ల వరకు శిక్ష వుంది. విదేశాలకు పోయే పిల్లల సంఖ్య కూడా తగ్గింది. 2024-25లో కారా ద్వారా జరిగిన 4,515 దత్తతల్లో 4,155 దేశంలోపలివే. విదేశాలకు పోయేవాళ్లలో ఇక్కడ ఎవరూ ముందుకురాని పెద్ద పిల్లలు, వైకల్యమో జబ్బో వున్న పిల్లలే ఎక్కువ. (తెల్లగా, ఆరోగ్యంగా వున్న పసిబిడ్డే కావాలని వరుసలో నిలబడే మన మధ్యతరగతి గురించి ఒక్క మాటైనా అనుకోవాలి కదా.)

కాగితం మీద ఇంత మంచి చట్టం వున్నా, ఆ రెండు నెలలు తల్లి వైపు నుంచి చూడండి. కమిటీ వుండేది జిల్లా కేంద్రంలో. ఆమె వుండేది అక్కడికి రెండు బస్సులు మారాల్సిన ఊళ్లో. మనసు మారితే ఎవరికి ఫోన్ చేయాలి? ఆమె పేరున ఫోన్ వుందా? సంతకం పెట్టిన కాగితం నకలు ఆమె చేతిలో వుందా, భర్త పెట్టెలో వుందా? గడువు ముగియవస్తోందని ఆమెకు ఎవరైనా గుర్తు చేస్తారా? ఎవరూ చేయరు. రెండు నెలలు నిండగానే ఫైలులో బిడ్డ 'చట్టపరంగా స్వేచ్ఛ' పొందుతుంది. తల్లి వైపు మౌనాన్ని అంగీకారంగా లెక్కేస్తారు.

అన్నిటికంటే పెద్ద ప్రశ్న ఇంకొకటి వుంది. పిల్లలను సంస్థల్లో కాక ఇంట్లోనే వుంచి పెంచడానికి 'మిషన్ వాత్సల్య' కింద స్పాన్సర్‌షిప్ పథకం వుంది. బిడ్డకు నెలకు 4,000 రూపాయలు. భర్త చనిపోయిన, భర్త వదిలేసిన స్త్రీల పిల్లలు, ప్రాణాంతకమైన జబ్బుతో వున్న తల్లిదండ్రుల పిల్లలు ఇందుకు అర్హులు. 'పెంచలేక' బిడ్డను వదులుకుంటున్నానని వచ్చిన తల్లికి, సంతకానికి ముందు ఈ పథకం వుందని చెప్పారా? దరఖాస్తు నింపించారా? ఇక కేవలం కటిక పేదరికంలో మూడో ఆడపిల్లను కన్న తల్లి ఆ జాబితాలో సూటిగా ఇమడదు. ఆమెకు ఏ దారి చూపిస్తున్నారు? బిడ్డను వేరే ఇంటికి పంపడానికి ఇంత యంత్రాంగం నడిపే ప్రభుత్వం, అదే బిడ్డ తల్లి దగ్గరే వుండటానికి అందులో ఎన్నో వంతు శ్రమపడుతోంది?

'బిడ్డకు మంచి బతుకు దొరికింది కదా, ఇంకా ఎందుకీ గొడవ?' అని మనలోనే కొందరు అంటారు. ఈ ప్రశ్నకు దత్తతపోయి పెద్దవాళ్లయినవాళ్లే జవాబు చెబుతున్నారు. వాళ్ల పోరాటం వల్లే నెదర్లాండ్స్ ప్రభుత్వం 2021లో ఒక విచారణ సంఘం నివేదిక చూసి విదేశీ దత్తతలను నిలిపివేసింది. దశాబ్దాలపాటు పిల్లలను విదేశాలకు పంపిన దక్షిణ కొరియాలో, తల్లిదండ్రులున్న పిల్లలనే అనాథలుగా కాగితాలు సృష్టించి పంపారని అక్కడి సత్య సయోధ్య కమిషన్ 2025 మార్చిలో తేల్చింది. చైనా 2024లో విదేశీ దత్తతలను దాదాపు పూర్తిగా ఆపేసింది. మన తండాల నుంచి వెళ్లిన ఆడపిల్లలు ఇప్పుడు పాతికేళ్లు దాటిన స్త్రీలు. కొందరు తల్లి కోసం వెతుక్కుంటూ వస్తున్నారు. దత్తతపోయిన బిడ్డకు తన మూలాలు వెతుక్కునే హక్కు మన నిబంధనల్లో వుంది. కన్నతల్లికి, తన బిడ్డ బతికి వుందా అని అడిగే హక్కు మాత్రం రాయలేదు.

పైగా, ఆ పాత బజారు ఇప్పుడు దేశం లోపలికి తిరిగింది. కారా జాబితాలో పసిబిడ్డ కోసం ఏళ్ల తరబడి ఎదురుచూడాలి. ఆ ఓపిక లేనివాళ్ల కోసం దళారులున్నారు. 2024 మే నెలలో రాచకొండ పోలీసులు ఢిల్లీ, పుణె నుంచి తెచ్చి అమ్మిన పసిపిల్లలను హైదరాబాదు పరిసరాల్లో కనుగొన్నారు. 2025 జూలైలో సికింద్రాబాదులో ఒక సంతాన సాఫల్య కేంద్రం పేద దంపతుల దగ్గర కొన్న బిడ్డను సరోగసీ బిడ్డ అని చెప్పి వేరే జంటకు ఇచ్చిందన్న ఆరోపణపై అరెస్టులు జరిగాయి. డి.ఎన్.ఎ. పరీక్ష కలవకపోవడంతో అది బయటపడింది. 1999లో నోటరీ కాగితం చేసిన పనిని ఇప్పుడు ఆసుపత్రి బిల్లు చేస్తోంది.

మరి మనం ఏం అడగాలి? కన్నతల్లిని కలెక్టరు ముందు నిలబెట్టమని కాదు. తన ఇష్టంతోనే, రహస్యంగా బిడ్డను అప్పగించి తన బతుకు తాను బతకాలనుకునే స్త్రీలు వుంటారు. అత్యాచారానికి గురైన అమ్మాయి కావచ్చు, పెళ్లికాని విద్యార్థిని కావచ్చు. ఆ నిర్ణయం ఆమె హక్కు. 'తల్లి ప్రేమ' పేరు చెప్పి ఆమెను బోనులో నిలబెడితే మనమూ పితృస్వామ్యం పనే చేసినట్టవుతుంది. అయితే ఆమె ఇష్టం ఏమిటో తెలుసుకునే బాధ్యత, బిడ్డ వెళితే లాభపడే సంస్థ చేతిలో వుండకూడదు. దత్తత సంస్థతో ఏ సంబంధమూ లేని ఒక స్త్రీ, తల్లి మాట్లాడే భాష వచ్చిన స్త్రీ, భర్తా అత్తా లేకుండా ఆమెతో విడిగా మాట్లాడాలి. సంతకానికి ముందు ఒకసారి, గడువు ముగియడానికి వారం ముందు మరోసారి. ఏమేం పథకాలు చెప్పారో, ఆమె ఏమన్నదో రాసిన కాగితం ఆ ఫైలులో వుండాలి. అది లేని ఫైలు మీద, విమానం టిక్కెట్లు కొన్నారని చెప్పినా సరే, కలెక్టరు సంతకం పెట్టకూడదు. మాటలు వచ్చిన బిడ్డ అయితే ఆ బిడ్డనూ ఒంటరిగా అడగాలి. వెళ్లిన బిడ్డ క్షేమ సమాచారం దత్తత తర్వాత రెండేళ్లపాటు సంస్థలకు అందుతుంది. తల్లి కావాలని అడిగితే, పేర్లు చెప్పకుండా, 'బాగున్నది' అన్న రెండు ముక్కలు ఆమెకు చేరవేయడానికి అడ్డేమిటి?

ఇందులో కొంత మన చేతుల్లోనే వుంది. గ్రామాల్లో మొదట తెలిసేది ఆశా కార్యకర్తకు, అంగన్‌వాడీ టీచరుకు, సంఘంలో పనిచేసే మీకు. బిడ్డను ఇచ్చేద్దామనుకుంటున్నారని ఏ ఇంటి నుంచి కబురు తెలిసినా ఆ తల్లి వెంట కమిటీ దాకా వెళ్లండి. ఉచిత న్యాయసహాయం కోసం జిల్లా న్యాయసేవాధికార సంస్థను అడగండి. కాగితం నకలు ఆమె చేతికే ఇప్పించండి. పత్రికల వాళ్లకు ఆమె పేరు, ఊరు చెప్పకండి.

మీ జిల్లాలో గత మూడేళ్లలో ఎంతమంది బిడ్డలను సరెండర్ చేశారు, గడువులోగా ఎంతమంది తల్లులు వెనక్కి తీసుకున్నారు, సంతకానికి ముందు ఎంతమందికి స్పాన్సర్‌షిప్ దరఖాస్తు ఇచ్చారు అన్న మూడు ప్రశ్నలను సమాచార హక్కు చట్టం కింద జిల్లా బాలల సంరక్షణ అధికారికి పంపండి. పేర్లు అడగవద్దు, అంకెలు చాలు. వచ్చిన జవాబులు, జవాబు రాకపోతే ఆ సంగతీ మాకు రాయండి. వచ్చే సంచికలో జిల్లాల వారీగా ప్రచురిస్తాం.